మనిద్దరికీ ఒకటే నోరు

కదలకండి అత్తయ్యా! కాలు అలా వెనక్కి లాక్కుంటే నేను గోరు తీయాలా, వేలు తీయాలా? ఇంతసేపు వేడినీళ్లలో నానబెట్టినా రాయిలాగే ఉన్నాయి మీ గోళ్లు. తుంటి విరిగిన మనిషి వంగలేరు, నిజమే, కాదనను. కానీ నాకూ ఒక నడుముంది కదండీ. మందుల షాపులో కౌంటరు వెనక నిలబడీ నిలబడీ అది ఎప్పుడో అరిగిపోయింది.

నవ్వుతున్నారా? నవ్వండి. నేను తిడుతున్నానో పొగుడుతున్నానో తెలిస్తే కదా మీకు! మీకు తెలుగు రాదు, నాకు మీ భాష రాదు. నీళ్లు, అన్నం, చాలు. మా ఇంటికొచ్చిన రెండేళ్లలో మీరు నేర్చుకున్న తెలుగు ఈ మూడు ముక్కలే. నేను మీ భాషలో ఆ మూడూ నేర్చుకోలేదు. ఆ ధైర్యంతోనే ఇవాళ నోరు విప్పుతున్నాను. మీకు అర్థమవుతుందంటే ఒక్క మాట కూడా బయటికొచ్చేది కాదు.

ఆ రెండో కాలు నీళ్లలోనే ఉంచండి. ఉంచండంటే! ఆఁ, అలా.

పొద్దున స్కూల్లో మీటింగు పెట్టారు. పిల్లల అమ్మానాన్నలందరినీ పిలిచారు. మీ మనవరాలు, మన పిట్ట చదువుతోందే, మూడో భాష, అదేనండీ, మీ భాష. దాన్ని వచ్చే ఏడాది ఉంచాలా, తీసేసి ఆ పీరియడ్లన్నీ లెక్కలకిచ్చేయాలా అని. అబ్బో, ఎంత రభస జరిగిందనుకున్నారు!

ఒకాయన లేచాడు, ప్లంబరట. "మావాడికి ఉన్న రెండు భాషలే తిన్నగా ఏడవలేదు, మూడోది ఎవడిని ఉద్ధరించడానికి?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. వెంటనే ఒక నర్సమ్మ గయ్యిమని లేచింది. "మా వార్డుకొచ్చి చూడండి, నొప్పి ఎక్కడో చెప్పుకోలేక ఏడ్చేవాళ్లని. ఇంకో భాష వస్తే పిల్లలకి పోయేదేముంది?" అంది. ఇంకెవరో బ్యాగు బరువన్నారు. ఇంకెవరో ఈ వయసులో అయితేనే నాలుక తిరుగుతుందన్నారు. పాపం హెడ్మాస్టరు గారు ఎటూ తేల్చలేక మైకు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు. నిజం చెప్పొద్దూ, ఉంచేద్దాంలే అనే వైపే మొగ్గుతున్నారు జనం.

అప్పుడు లేచాను అత్తయ్యా. నేనే.

"మా అత్తగారిది ఆ భాషే. మా ఇంట్లో రోజూ వినబడుతూనే ఉంటుంది. దానివల్ల మా పిల్లకి ఒరిగిందేమీ లేదు, లెక్కల్లో వెనకబడిపోయింది, అంతే. నన్నడిగితే అక్కర్లేదు" అన్నాను. 

ప్లంబరు చప్పట్లు కొట్టాడు. "ఆ ఇంటి కోడలే వద్దంటుంటే ఇంక మనకెందుకండీ!" అన్నారెవరో వెనకనుంచి. టపటపా చేతులు లేచాయి. చివరికి ఆ నర్సమ్మ కూడా నన్నో చూపు చూసి చెయ్యెత్తేసింది. ఇంకేముంది, తీసేశారు.

నొప్పిగా ఉందా? ఉండండి, ఈ బొటనవేలు కాస్త మెల్లిగా తీస్తాను. గోరు లోపలికి పెరిగింది. ఎన్నాళ్లనుంచి ఇలా ఉందో, ఒక్కసారీ చెప్పలేదేం? ఎవరితో చెప్తారులే.

లెక్కల కోసమే అనుకున్నారు అందరూ. నేనూ అలాగే చెప్పుకున్నాను లోపల. కానీ అత్తయ్యా, మీటింగుకి వారం ముందే నేను పిల్లకి లెక్కల ట్యూషన్ మాట్లాడేసి వచ్చాను. ఏ టైముకో తెలుసా? సాయంత్రం, మీరూ పిల్లా ఆ భాష పుస్తకం ముందేసుకుని కూర్చునే టైముకి. మాస్టారు పొద్దున కూడా ఖాళీయేనన్నాడు. వద్దండీ, సాయంత్రమే కావాలన్నాను.

ఏం మనిషినండీ నేను!

సరే, మీటింగయ్యాక జరిగింది వినండి. గేటు దగ్గర నన్ను ఆపింది ఆ టీచరమ్మ, మీ భాష చెప్పే ఆవిడ.  తిడుతుందేమో, తిడితే ఏమనాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆవిడ తిట్టనే లేదు. తనకి ఇంకో స్కూలు చూసుకోవడం పెద్ద కష్టం కాదట. "మీ అమ్మాయి గురించే నాకు బెంగండీ, ఇకమీదట ఎవర్ని అడుగుతుందో ఏమో" అంది.

ఏం అడుగుతుందండీ అన్నాను.

క్లాసులో ఆవిడ ఒక్కొక్కర్ని నిలబెట్టి ఆ భాషలో మాట్లాడిస్తుందట. ఇంట్లో ఏం పని చేస్తావు అని అడిగిందట మన పిట్టని. ఒకడు మొక్కలకి నీళ్లు పోస్తానన్నాడట, ఇంకొకత్తె తమ్ముణ్ని ఆడిస్తానందట. ఇదేమందో తెలుసా? "మా అమ్మకీ నానమ్మకీ కలిపి ఒకటే నోరు, అది నాదే. వాళ్లు కోపంగా అన్నదాన్ని నేను తీపి చేసి చెప్తాను" అందట! క్లాసంతా నవ్వారట. ఆవిడా నవ్వుతూనే చెప్పింది నాకు. నాకు తెలుసనుకుంది పాపం.

నాకు తల కొట్టేసినట్టయింది.

తిండికీ, నిద్రకీ సరిపడా మాటలు ఎప్పుడో వచ్చేశాయట దానికి. ఇంకా ఆ టీచరు వెంటపడి అడిగేవి వేరే మాటలట. "మీరు అలిసిపోయి ఉంటారు" అని పెద్దవాళ్లతో మర్యాదగా ఎలా అనాలి? "మీరు లేకపోతే నాకు తోచదు" అని కోడలు అత్తగారితో అనాలంటే ఎలా అంటుంది? ఇవండీ అది అడిగేవి! నేను జన్మలో అనని మాటలన్నీ వెతికి వెతికి నేర్చుకుంది, నా తరఫున మీకు చెప్పడానికి.

ఆ రోజు గుర్తుందా, మీరు బాత్రూంలో కుళాయి కట్టెయ్యడం మర్చిపోతే ట్యాంకంతా ఖాళీ అయిపోయింది? నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. "ఇంక నా వల్ల కాదు, ఎక్కడికైనా పంపించెయ్యమను మీ నాన్నని" అన్నాను పిల్లతో. పిల్ల మీ దగ్గరికొచ్చి ఏదో చెప్పింది. మీరు కుంటుకుంటూనే లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఈవిడకి సిగ్గు లేదేంటి, ఇన్ని మాటలన్నా చేతులు పట్టుకుంటుంది అనుకున్నాను. ఏం చెప్పిందండీ మీకు? మీరు జారిపడతారేమోనని అమ్మ భయపడి అరిచిందని చెప్పిందా? అలాంటిదే ఏదో చెప్పుంటుంది.

పోనీ మీ సంగతి? మీరేం తక్కువ తిన్నారా? నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేసేసిన రోజున కంచం తోసేసి ఎంత పొడుగు ఉపన్యాసమిచ్చారు! చెయ్యి కూడా ఊపారు గుమ్మం వైపు. ఇదేమో నాతో, "నువ్వు బాగా నీరసంగా ఉన్నావట, కాసేపు పడుకోమంటోంది నానమ్మ" అంది. నమ్మేశాను! అంత పొడుగు మాట ఇంత పొట్టిగా ఎలా అయిందని అనుమానమైనా రాలేదు చూడండి. షాపులో ఎవరైనా చీటీ మీద ఒక్క అక్షరం తప్పు చదివితే చంపేస్తాను నేను. ఇంట్లో మాత్రం, నన్నొకరు పడుకోమన్నారన్న సంతోషంలో, ఆ వారమంతా మీకు పాలు నేనే వేడిచేసి ఇచ్చాను.

అంటే మనిద్దరం ఒకరికొకరం అసలు తెలియనే తెలియం అత్తయ్యా. మీ మనసులో నేనంటే ఏముందో నాకు తెలీదు. నాకు తెలిసిన అత్తగారు పిల్ల అల్లిన అత్తగారు. మీకు తెలిసిన కోడలూ అంతే. మీ అబ్బాయిని అడుగుదామా అంటే ఇంట్లో ఉంటే కదా! సెల్ టవర్లెక్కుతూ ఊళ్లు పట్టుకు తిరగడమే సరిపోయె. వచ్చిన రెండ్రోజులూ "మీరిద్దరూ బాగానే కలిసిపోయారు" అని మురిసిపోయి ముసుగు తన్ని పడుకుంటారు.

ఎందుకు లేచావు మీటింగులో, అంటే... చెప్తాను. మీకు అర్థం కాదు కదా, చెప్పేస్తాను.

కుళ్లు. అంతే, ఇంకేం లేదు. కాళ్లు పీకుతుంటే షాపునుంచి వస్తానా, మీరిద్దరూ ఈ మంచం మీద ఆ పుస్తకం తెరుచుకుని పడీపడీ నవ్వుతుంటారు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నవ్వు ఆగిపోతుంది. ఏంటే అంటే ఏం లేదమ్మా అంటుంది. కడుపు మండిపోయేది నాకు. కన్నది నేను, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది నేను, నవ్వులేమో మీకా? నా ఇంట్లో నేనే పరాయిదాన్నైపోయాను. నా గురించే నవ్వుకుంటున్నారని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ భాషొక్కటీ లేకపోతే పిల్ల మళ్లీ నా దగ్గరికొస్తుందనుకున్నాను.

నేర్చుకోవచ్చుగా, అంటారు మీరు. నేర్చుకోవచ్చు. పిల్ల ఒకసారి పుస్తకం నా ఒళ్లో కూడా పెట్టింది, రామ్మా నువ్వూ కూర్చో అని. నాకంత తీరికెక్కడిదే అని తోసేశాను.

అదిగో, గేటు. పిల్ల వచ్చేసింది. చెప్పులు విసిరేసిన చప్పుడు విన్నారా? తెలిసిపోయినట్టుంది.

ఏమే, ఇలా రా. మొహం అలా పెట్టావేం? తెలిసిందా? ఎవరు చెప్పారు, క్లాసులో వాళ్లా? మీ అమ్మే తీయించిందన్నారా? ఊఁ. నిజమే, నేనే. ఎందుకని అడగవేం? అడగవే తల్లీ! నాలుగు మాటలు అను, పడతాను.

సరే, అడక్కు. నాకో పని చేసిపెట్టు. నానమ్మకి చెప్పు. మీ భాషని స్కూల్లోంచి తీయించేసింది మా అమ్మే అని చెప్పు. లెక్కల కోసం కాదు, మనిద్దరం నవ్వుకుంటుంటే చూడలేక తీయించిందని చెప్పు. క్షమించమని అడుగుతోందని చివర్లో చెప్పు. ఒక్క ముక్క మార్చావంటే ఊరుకోను. మీ మేడం నాకంతా చెప్పింది. అయ్యో, ఏడుస్తావేంటే? నిన్నేమీ అనట్లేదే. నువ్వు చేసింది తప్పని కాదు. ఈ ఒక్కసారికి ఉన్నదున్నట్టు చెప్పమ్మా. తీపి చెయ్యకు.

చెప్తోంది అత్తయ్యా. వినండి. నేనిలా మీ కాళ్ల దగ్గరే కూర్చుంటాను.

ఇంత సేపు చెప్తోందేంటి? నేను చెప్పింది అంత లేదే. మీరేంటి, అలా తలూపుతున్నారు? కోపం రాదేం మీకు?

అయ్యయ్యో, ఇదేంటండీ! నా తల మీద చెయ్యి వేస్తారేంటి? నేను చేసిన పనికి ఎవరైనా చెంప పగలగొడతారు గానీ తల నిమురుతారా? మీ కళ్లలో నీళ్లెందుకు?

ఏం చెప్పావే? "నువ్వు చెప్పిందేనమ్మా" అంటావా? ఏదీ, ఇటు తిరిగి నా మొహం చూసి చెప్పు.

చూడదు. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని ఆ గోడ వైపే చూస్తోంది. ముక్కు ఎగబీలుస్తోంది. ఎంత చిక్కిపోయిందండీ మొహం, ఒక్క పూటలో!

సరేలే. నేను చెప్పిందే చెప్పావులే. పో, వెళ్లి కాళ్లు కడుక్కో.

చెయ్యి తీసెయ్యకండి అత్తయ్యా. ఇంకాసేపు ఉంచండి. ఇది నాకోసం కాదని తెలుసు నాకు. పిల్ల చెప్పిన ఎవరో మంచి కోడలి తల నిమురుతున్నారు మీరు. తెలిసి కూడా తల పక్కకి తీసుకోలేకపోతున్నాను. ఇంకొక్కసారి గట్టిగా అడిగితే నిజం చెప్పేస్తుంది అది. అందుకే అడగట్లేదు.