జట్మికో కొన్న నెమ్మదైన జెర్రిపోతు

హలో… ఆ, నేనేరా, పెద్దమ్మనే. సంతలో ఉన్నాను, మన పాముల కొట్లో. ఎందుకలా గుసగుసలాడుతున్నావు? గట్టిగా చెప్పు.

…రెత్నో వాళ్ళింట్లోనా? పిల్లనడగడానికి క్లాటెన్ వెళ్ళినవాడివి, వాళ్ళ పెరట్లో నుంచి నాకు ఫోనేమిటి?

…ఏం కరిచింది?

…జెర్రిపోతా! ఇంకా పట్టుకునే ఉందా? కుడిచేతి బొటనవేలా… నయం, ఉంగరం వేలు వదిలేసింది.

లాగకు— లాగకురా అంటుంటే! దాని పళ్ళు లోపలికి వంగి ఉంటాయి. లాగావంటే నీ వేల్లోనే విరుగుతాయి… విషం లేదు, చావవు. సిగ్గుతో చస్తే మాత్రం నా పూచీ లేదు.

అసలు పామెక్కడిది నీకు? మచ్చికైన జెర్రిపోతు ఇవ్వు పెద్దమ్మా అని నిన్న నా దగ్గరికొచ్చావు. మచ్చిక కావాలంటే నెలలు పడుతుంది, అదీ పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకోవాలి అన్నాను. మూతి ముడుచుకుని పోయావు. తర్వాత?

…సంత వెనక గేటు దగ్గర పాములమ్మే పర్మిన్ దగ్గరా! వాడి దగ్గర కొన్నావా? ఎలా ఎంచావు?

…ఉండు, కాస్త నవ్వనీ. నెమ్మదిగా పడుకుని ఉందనా? నిమిరితే ఊరుకుందనా? ఒరే, వాడు పాముల్ని చేపల మంచుపెట్టెలో పెట్టి తెస్తాడు. చలికి కొయ్యబారినదాన్ని నువ్వు సాధువనుకున్నావు! నాలుక ఆడుతోందా చూడాలి. చేతిలోకి తీసుకుంటే ఒళ్ళు బిగిస్తోందా చూడాలి. కాస్త బుసకొట్టేదే ఆరోగ్యంగా ఉన్న పాము. నీకేమో పెళ్ళికూతురిలా తల వంచుకున్నది కావాలి.

…సంచిలో వేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో, మోటారుసైకిల్ మీదా? మరి లేవక ఏం చేస్తుంది? రెత్నో వాళ్ళ నాన్న ముందే సంచి విప్పావా? …పై నుంచి చెయ్యి పెట్టావా! గద్ద కూడా పై నుంచే కదరా వస్తుంది దాని మీదికి.

ఈ వేషం ఎందుకు అసలు?

…ఓహో. పట్నం కుర్రాళ్ళు వానపామును చూసినా మంచం ఎక్కుతారని రెత్నో వాళ్ళ నాన్న అన్నాడు. నువ్వేమో, ఏడాదిగా ఇంట్లో జెర్రిపోతును పెంచుతున్నాను, మీ పొలంలో ఎలుకల సంగతి అది చూసుకుంటుంది అన్నావు. ఏడాదిగా! పొద్దున కొన్నదాన్ని!

…ఇప్పుడేమన్నాడాయన? నవ్వుతూ ‘బాగుంది, చూద్దాం’ అన్నాడా? అయితే సామాను సర్దుకో. అలాంటి మర్యాదస్తులు కాదని నోటితో ఎప్పుడన్నారు?

ఏడవకు… ఏడవడం లేదా? సరే, ముక్కు తుడుచుకో. పాము ఒళ్ళు కిందికి వేలాడుతోందా? దానికి కింద ఆసరా కావాలి. రెండో చెయ్యి— ఆ, దాంట్లో నేనున్నాను కదూ. ఎవర్నయినా పిలువు.

…రెత్నోనే వచ్చిందా? ఫోన్ కట్ చెయ్యకు, గట్టు మీద పెట్టు.

…

ఉండవయ్యా, మావాణ్ణి పాము మింగుతోంది. ఈ ఫోనయ్యాక నీకు కావాల్సిన పాము చూపిస్తాను.

…హలో? వదిలిందా! ఏం చేసింది ఆ పిల్ల? …కింద చెయ్యేసి ఎత్తి, మూతి మీద నీళ్ళు పోసిందా. ఆ పిల్ల నీకంటే ఆ పాముకే బాగా సరిపోతుంది.

…విడిపించడం వాళ్ళ నాన్న చూశాడా? అయితే ఇప్పుడే వెళ్ళి చెప్పు. …ఏం చెప్పాలా? నిజం. పొద్దున కొన్నానని, మంచు చూసుకోలేదని, పామంటే వణుకని. …పోతే పోయింది సంబంధం. ఈ అబద్ధం నమ్మి పిల్లనిస్తే, ఆయన ముందు బతికినంతకాలం పాములు పట్టాలి నువ్వు. వెళ్ళు!

…

ఆ, వింటున్నాను. అంతా చెప్పావా? …నవ్వాడా? ఎలా? …కింద కూలబడి నవ్వాడా. తర్వాత?

…మళ్ళీ ‘చూద్దాం’ అన్నాడా. ఊఁ.

…పామునేమో ఉంచెయ్యమన్నాడు. నిన్ను మాత్రం ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. …నన్నడిగితే నేనేం చెప్పను? పాము సంబంధం కుదిరింది. నీదే కుదరలేదు. వచ్చెయ్.

…చొక్కా ఏమైంది? …విడిపిస్తుంటే నీ బాతిక్ చొక్కా నిండా గలీజు చేసిందా! భయపడితే అంతే అవి. కంపు ఇక్కడిదాకా వస్తోంది. …ఆయన చొక్కా ఇచ్చాడా? మర్యాదకి ఇస్తార్లే, పొంగిపోకు. నీది ఉతికి—

…ఉతకొద్దన్నాడా?

…ఆగు. మళ్ళీ చెప్పు. దాన్ని అలాగే పాము పెట్టెలో పరిచెయ్యమని రెత్నోతో అన్నాడా?

ఒరే జట్మికో… నోరు మూసుకుని విను. కొనడానికొచ్చినవాణ్ణి, తొడిగి విడిచిన బట్ట తెమ్మని నేనెందుకు అడుగుతాను? …ఆ, వాసన అలవాటు కావడానికి. ఎవరి వాసన? …పెంచేవాడిది. ఇంట్లో తిరిగేవాడిది. ఇక రాకుండా పోయేవాడి కంపు దానికి అలవాటు చేసి ఆయనకేం పనిరా, మొద్దూ?

…హలో? హలో? ఏమిటా చప్పుడు? పడ్డావా? …అరవకు, లోపల వింటారు!

…భోజనానికి పిలుస్తున్నాడా? వెళ్ళు. ఎంత నొప్పిగా ఉన్నా కుడిచేత్తోనే తిను. …మండితే నవ్వు. రెత్నో వడ్డిస్తుంటే ఇంకాస్త నవ్వు. ఇక ఫోన్ పెట్టెయ్. పెట్టెయ్ అంటుంటే—