ఆకుపచ్చ తెర వెనక మెకానిక్

ఏదీ, ఆ చొక్కా ఇలా తే. చేతులు కురచ చెయ్యాలా? మగవాళ్ళ కొలతకి కుట్టిన యూనిఫారం నీకెలా సరిపోతుందే అమ్మడూ, వర్క్‌షాపులోకి నువ్వొస్తావని వాళ్ళేమన్నా కలగన్నారా. ఏమన్నాడు మరి ఆ అబ్బాయి? పెళ్ళయ్యాక ఏ ఆఫీసులోనో కుర్చీ పని చూసుకోమన్నాడా? ఊఁ. సరే, ముందు ఈ సూదిలో దారం ఎక్కించిపెట్టు, నా కళ్ళకి ఆనడం లేదు.

మా అక్క గుర్తొచ్చింది. నువ్వు పుట్టకముందే పోయిందిలే. మా నాన్నకి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. చిన్న గది, మధ్యలో ఆకుపచ్చ తెర. నాన్నకి చేతులు వణకడం మొదలయ్యాక పనంతా అక్కదే. నాకా, ఏ వైరు ఎక్కడికి పోతుందో ఇప్పటికీ తెలీదు. అయినా నాన్న, "ఆడపిల్ల విప్పిందంటే రేడియో ఎవడిస్తాడురా? అది లోపల చేస్తుంది, నువ్వు ముందు కూర్చో" అన్నాడు. చెవి మీద స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఏడేళ్ళు కూర్చున్నా. "మీ చేతిలో మహత్యం ఉంది మెకానిక్ గారూ" అనేవాళ్ళు జనం. నా చేతిలో ఏముందీ, రుమాళ్ళ మీద పువ్వులు కుట్టే సూది. అదీ బల్ల కింద. మగాడు పువ్వులు కుడుతున్నాడంటే నవ్వరూ మరి.

ఏం చెప్తున్నా? ఆఁ, పోస్టాఫీసులో పనిచేసే అబ్బాయొకడుండేవాడు. ఓసారి నేను లేనప్పుడొచ్చి, తెర తీసి అక్కని చూశాడు. ఎవరికీ చెప్పలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. అప్పట్నించీ వారం వారం అదే రేడియో. లోపల ఒక వైరు తనే ఊడదీసి తెచ్చేవాడు. అక్కకి తెలుసు. ఆ ఒక్క వైరుకీ మధ్యాహ్నమంతా పట్టేది దానికి.

చివరికి పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. "నీ పని నేనేం మానమనను. తెర అలాగే ఉంటుంది. మీ తమ్ముడి బదులు ముందు నేను కూర్చుంటా." అలా అంటే మురిసిపోతుందనుకున్నాడు పాపం. అక్క లేచింది. స్టూలెక్కి, తెర ఊడబీకి, తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "దీంతో నాకు ఏప్రన్ కుట్టరా. వీధి గుమ్మంలో కూర్చుని కుట్టు. పువ్వులు కూడా వెయ్యి" అంది. తన బల్ల ముందుకి లాక్కుంది. అతను లేచి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు ఈగ కూడా వాలలేదు కొట్లో. నాన్న మాట్లాడ్డం మానేశాడు. అది బల్ల తుడుచుకుని కూర్చునేది, నేను పువ్వులు కుట్టేవాణ్ణి. తర్వాత మెల్లగా వచ్చార్లే, రేడియో మూగబోతే ఎన్నాళ్ళుంటారు. అతని రేడియో కూడా నిజంగానే పాడై, ఎవరి చేతో వచ్చింది. అక్క బాగుచేసింది. ఆ ఊడే వైరుని మాత్రం ఇంకెవరూ ఊడదీయలేనట్టు గట్టిగా సాల్డరింగ్ చేసి పంపింది.

ఏడ్చిందా అంటావా?

చెయ్యి చాపు, కొలత తీస్తా. మణికట్టుకి పైనే ఉంచుతానే, పనిలో అడ్డం రాకూడదు.