నాన్న పంపిన కబుర్లు

ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర, తాతగారి పాత హెల్మెట్ నెత్తిన పెట్టుకుని నాయనమ్మ. ఆమె ఎక్కకుండా నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డ పదిహేనేళ్ళ పట్నం మనవరాలు.

"తప్పుకోవే. పొద్దెక్కిపోతోంది."

"తప్పుకోను. మోకాలు చూసుకున్నావా? దిండులా వాచింది. ఇవాళ నేనెక్కుతా, ఫోన్ ఇలా ఇవ్వు."

"నువ్వా! కాకులు పొడిచి చంపుతాయి. అవి నా మీద పగబట్టి పదేళ్ళయింది. నీది అచ్చు నా మొహమే, ఇట్టే గుర్తుపడతాయి."

"ఆ హెల్మెట్ నేను పెట్టుకుంటాలే."

"మీ తాతది. నా తలకి తప్ప పట్టదు."

"నాయనమ్మా! మనింట్లో సిగ్నల్ వచ్చేది ఆ పైనొక్కచోటే. రెండు నెలల్నుంచీ నువ్వే ఎక్కుతావు, నాన్నతో నువ్వే మాట్లాడతావు, దిగొచ్చి నువ్వే చెబుతావు. నా ఫోన్ బాగుచేయించి తెస్తానని నాన్న పట్టుకుపోయాడాయె. ఒక్కసారి నన్ను మాట్లాడనిస్తే నీ సొమ్మేం పోయింది?"

"అన్నీ చెబుతూనే ఉన్నాగా! నిన్న కూడా అడిగాడు, పిల్ల పాలు తాగుతోందా అని."

"పాలా?"

"ఆ... పాలే."

"పాలు చూస్తేనే నాకు వాంతి. నాన్నకి తెలుసు."

"మర్చిపోయుంటాడు. పనిలో మునిగిన మగాడికి పాలూ నీళ్ళూ గుర్తుంటాయా!"

"సోమవారం బడి తెరుస్తారు. ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడని చెప్పావు."

"అన్నాడు. అంటే... వీలైతే అన్నాడు."

"మొన్న 'వీలైతే' లేదు."

"మొన్న గాలెక్కువ. సరిగ్గా వినపడలేదు."

"ఇవాళ శనివారం నాయనమ్మా."

"తెలుసే తల్లీ. శనివారమని... నాకు తెలీదా."

"మరెందుకు ఏడుస్తున్నావు?"

"ఎవరేడుస్తున్నారు? హెల్మెట్లో చెమట."

"తియ్యి. ముందది తియ్యి. ఇలా కూర్చో."

"వాడు ఎత్తడం లేదే."

"ఎప్పట్నుంచి?"

"నిన్ను ఇక్కడ దింపి వెళ్ళిన్నాటి నుంచీ. రోజూ చేస్తా. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది. ఇక ఆ కాకుల్ని కాసేపు తిట్టుకుని, నీకేం చెప్పాలో అల్లుకుని దిగుతా. మీ అమ్మ పోయి ఏడాదైనా తిరగలేదు. నాన్న కూడా వదిలేశాడని ఏ నోటితో చెప్పను నీకు?"

"ఊరుకో. కాలు ఇలా చాపు."

"తిట్టవే నన్ను. అబద్ధాలకోరు ముసలిదాన్ని."

"తిట్టను."

"వాడు ఏదో చిక్కులో ఉండుంటాడు. నా కడుపున పుట్టినవాడు, అంత రాయి కాదే. నీ గొంతు వింటే చాలు, పరిగెత్తుకొస్తాడు. ఇదిగో ఫోన్. ఎక్కు. నువ్వే చెయ్యి."

"వద్దు."

"అదేంటే! ఇందాకట్నుంచీ ఇమ్మని నా ప్రాణం తీశావుగా!"

"నీతో మాట్లాడుతున్నాడనుకుని అడిగాను. ఇప్పుడొద్దు."

"నా కోసం చెయ్యమ్మా. ఒక్కసారి."

"చేశాను నాయనమ్మా. వచ్చిన వారానికే, ఊరవతల బస్సు రోడ్డు దాకా నడిచి, అక్కడ సైకిళ్ళు బాగుచేసే ఆయన్ని ఫోన్ అడుక్కుని. ఎత్తాడు. 'నాన్నా' అన్నాను. రాంగ్ నంబర్ అని పెట్టేశాడు. పోన్లే, వాళ్ళమ్మతోనైనా మాట్లాడుతున్నాడు కదా అనుకున్నా."