నలభై పలకల బొమ్మ

ఎంత సైజన్నావు? పళ్ళెమంతా? అంత ముక్క మీద ఏం గీస్తావమ్మాయ్, గీస్తే ఒక చెవి పడుతుంది. ఓహో, మంచం కిందికి తోసెయ్యడానికి వీలుగానా. పిల్లాడు నిద్రలేస్తే లాగేస్తాడని. తెలిసింది, తెలిసింది. ఇదేదో నువ్వే కనిపెట్టావనుకోకు. అచ్చం నీలాగే, ఇదే గుమ్మంలో నిలబడి, ఇదే కొలత చేత్తో చూపించి అడిగిందొకావిడ, నీ వయసులోనే. పలకలావిడ అనేవాళ్ళం. కూర్చో. ఆ స్టూలు మీద వద్దు, దానికో కాలు పొట్టి. వడ్రంగి కొట్లో స్టూలు ఎప్పుడూ అంతే, ఊరందరివీ బాగుచేస్తాం, మనది మాత్రం ఊగుతుంటుంది. చిన్న ముచ్చటే, ఈ రంపానికి పదును పెట్టేలోపు అయిపోతుంది.

ఆవిడ కండక్టరు గారి భార్య. ముందు ఆ కండక్టరు సంగతి చెప్పాలి నీకు. గొంతు తప్ప ఒంట్లో ఇంకేమీ లేని మనిషి. ఇంట్లో కూడా బస్సులో ఉన్నట్టే ఉండేవాడు. భోజనానికి కూర్చోబోతూ "జరగాలి, జరగాలి, లోపలికి జరగాలి" అనేవాడు కన్నతల్లిని కూడా. అందరూ కూర్చున్నాక వేలితో లెక్కపెట్టేవాడు. తల్లి, భార్య, నలుగురు పిల్లలు, తను. "ఏడు. రైట్" అంటే గానీ ఎవరూ ముద్ద ఎత్తకూడదు. మెడలో విజిల్ తాడు తీసేవాడు కాదు. స్నానానికైనా తీస్తాడా తియ్యడా అని నేనూ దర్జీ వాదించుకునేవాళ్ళం. దర్జీ అంటే అప్పట్లో నా పక్క కొట్టు. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూడా ఊరి కబుర్లన్నీ చెప్పగలిగేవాడు. ఒక్క సూది కూడా మింగలేదు, అదీ మా దురదృష్టం.

సరే, ఆవిడ. పెళ్ళికి ముందు బొమ్మలు వేసేదట, బహుమతులు కూడా వచ్చాయట. పెళ్ళయ్యాక నలుగురు పిల్లలు, అత్తగారి మోకాళ్ళు, మొగుడి క్యారియరు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్క ఫోటో లేదని దిగులు పట్టుకుంది. రాత్రి బల్ల దగ్గర ఏడుగురూ ఉంటారు, పగలు స్టూడియోకి బయల్దేరదామంటే ఒకళ్ళుంటే ఒకళ్ళుండరు. కండక్టరు డ్యూటీలో ఉంటాడు, డ్యూటీ దిగితే పిల్లలకి జ్వరం. స్టూడియో అతను మహా తెలివైనవాడు, "ఒక్కొక్కళ్ళనీ పంపించమ్మా, నేను అతికిస్తాను" అన్నాడట. అతను తీసిన ఫోటోల్లో మనుషులకి తలకాయలు నిలిస్తేనే గొప్ప, ఇంక అతికించడం కూడా. కానీ ఆవిడకి ఆ మాట బుర్రలో దిగింది. ఒక్కొక్క ముక్కే అయితే నేనే వెయ్యొచ్చు కదా అనుకుంది. నా దగ్గరికొచ్చి పళ్ళెమంత చెక్క పలకలు నలభై కావాలంది. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఐదు. ఏడుగురికి ఎనిమిదెందుకమ్మా అన్నాను. "మా అత్తగారికి రెండు" అంది. అది నిజమే, ఆ తల్లి రెండు పలకల మనిషి.

అప్పుడు అడిగింది. "అన్నయ్యగారూ, ఎటువైపు నుంచి మొదలుపెట్టమంటారు?" అని. నేను తలుపు చిత్రిక పడుతున్నాను. తల కూడా ఎత్తలేదు. "గోడ కింద నుంచే కదమ్మా కడతారు, పైనుంచి కడితే పడిపోదూ" అన్నాను. సరదాకి అన్నాను. ఆవిడ బుద్ధిగా తలూపి వెళ్ళింది. పాదాలతో మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. పొద్దున్న దాని మీదే క్యారియర్లు సర్దాలి, తరవాత కూరలు తరగాలి, సాయంత్రం నలుగురి పుస్తకాలు, రాత్రి భోజనాలు, ఆ పైన ఇస్త్రీ. ఆవిడ చేతికి బల్ల దొరికేది రెండింటి నుంచి మూడుంపావు దాకా. రెండింటికి తలుపు దగ్గరగా వేసి, మంచం కింద నుంచి పలక లాగేది. మూడుంపావుకి బడి గంట కొడితే పలక మంచం కిందికి పోవాలి. ఒక రోజు మొగుడి బొటనవేలి గోరు సగం వేసేసరికి గంట కొట్టారు, మిగతా సగం వెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. మధ్యలో చుట్టాలు, తట్టు, నీళ్ళు రాకపోవడం, ఇంకా ఏవో. అత్తగారేమో గుమ్మంలో కూర్చుని, "ఏమేవ్, అన్నంలో టర్పెంటు వాసనొస్తోంది, నన్ను పంపించెయ్యాలని చూస్తున్నావా" అని వీధంతా వినపడేలా అడిగేది. అడిగి రెండోసారి వడ్డించుకునేది. కండక్టరు మాత్రం ఏమీ అనేవాడు కాదు. "వేసుకో, వేసుకో, భోజనాల టైముకి తీసెయ్యి" అనేవాడు. ఆ బొమ్మ వంక ఒక్కసారి చూసినట్టు నాకు తెలియదు.

మొదటి వరస పాదాలకి రెండేళ్ళు పట్టింది. మోకాళ్ళ వరసకి ఇంకో రెండేళ్ళు. ఈలోపు పెద్దవాడి కాళ్ళు జానెడు పెరిగాయి, పాత పాదాలు చెరిపి కొత్తవి వెయ్యడానికి ఆవిడకి తీరికేదీ. ఎక్కడిది అక్కడ వదిలేసి పైకి పోయేది.

పిల్లల్లో మూడోది ఆడపిల్ల. ఎనిమిదేళ్ళు అప్పటికి. నా కొట్టుకొచ్చి చిత్రిక పొట్టు ఏరుకుని చెవులకి లోలాకుల్లా తగిలించుకునేది. మాటకారి. దర్జీని, "నీ నోట్లో సూదులు తీసేస్తే గాలి పోతుందా" అని అడిగిందోసారి. మూడో వరసలో దాని చేతులు వేస్తోంది తల్లి. ఆ రోజు ఎవరో పెద్దాయన పోయాడని బడి ఒంటిగంటకే వదిలేశారు. మామూలుగా మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో కండక్టరు క్యారియరు డిపోలో ఊడ్చే ఆవిడ వెళ్తూ పట్టుకెళ్ళేది. ఆ రోజు ఆవిడ రాలేదు. రెండయింది. తల్లి పలక తియ్యాలా, క్యారియరు పట్టుకెళ్ళాలా అని చూస్తుంటే, ఆ పిల్లే, "నువ్వు నా చేతులు వెయ్యమ్మా, నేను ఇచ్చేసొస్తా" అంది. డిపో ఎంత, వీధి చివర.

బస్సు వెనక్కి పోనిచ్చేటప్పుడు కండక్టరు దిగి వెనకాల నిలబడి విజిల్ వెయ్యాలి. వేశాడు. ఇటుపక్క గోడకి తగులుతుందేమోనని ఇటే చూస్తున్నాడు. పిల్ల అటు నుంచి వచ్చింది.

డిపోలో నలుగురైదుగురు చూశారు. నేనూ ఉన్నాను, కిటికీ రెక్కలు బిగించడానికి వెళ్ళి. ఆ విజిల్ ఎవరిదో ఎవరమూ బయట చెప్పలేదు. కన్నతండ్రి, ఏం చెప్తాం. మంచిపనే చేశామనుకున్నాం. చెప్పకపోయేసరికి ఏమైంది, ఊరికి ఒక మనిషి కావాలి కదా అనడానికి. "తల్లి రంగులు పూసుకుంటూ కూర్చుని పిల్లని బస్సుల మధ్యకి తోలింది" అన్నారు. బడి పంతులు అన్నాడు, స్టూడియో అతను అన్నాడు. నేనూ అన్నాను. ఆవిడ మొహం మీద అనలేదు, అంతే. ఆవిడ విన్నది.

కండక్టరు ఆ తరవాత బల్ల దగ్గర మనుషుల్ని లెక్కపెట్టడం మానేశాడు. విజిల్ గుమ్మం బయటే మేకుకి తగిలించి లోపలికెళ్ళేవాడు. ఆ పిల్ల పేరు ఆ ఇంట్లో ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. ఇంక ఈవిడ పలకలు పొయ్యిలో పెడుతుందని అందరం అనుకున్నాం. పదహారో రోజున రెండింటికి తలుపు దగ్గరగా పడింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. అత్తగారు ఏం చేసిందో తెలుసా? రెండవుతుండగా ఆ మోకాళ్ళతోనే లేచి బల్ల తుడిచి వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. ఎవరైనా వస్తే "పనిలో ఉంది, మూడుంపావు తరవాత రండి" అని పంపించేసేది. రోజూ అంతే. దాని గురించి కోడలితో ఒక్క మాట మాట్లాడిందని ఎవరూ చెప్పలేదు, దర్జీ కూడా.

చేతులు పూర్తిచేసింది. నాలుగో వరసలో దాని గౌను తలుపు వెనకాల తగిలించుకుని, చూసి వేసింది. అయిదో వరస మొహాలు. మిగతా ఆరూ ఆర్నెల్లలో వేసేసింది, చెయ్యి అంత తిరిగింది అప్పటికి. దీని మొహమే మిగిలిపోయింది. గౌనయితే తగిలించుకుని చూడొచ్చు, మొహాన్ని ఎక్కడ తగిలిస్తారు? బడి ఫోటో ఒకటుంది, అందులో సరిగ్గా క్లిక్కుమనే టైముకి తల తిప్పింది, మసక. అందర్నీ అడిగేది. నా దగ్గరకొచ్చి, "అన్నయ్యగారూ, దాని ముక్కు ఎలా ఉండేది?" అంది. నాకేం తెలుసమ్మా, ముక్కులాగే ఉండేది. పంతులు సూటి ముక్కన్నాడు, దర్జీ చప్పిడన్నాడు, అత్తగారు "నీదేనే" అంది. ఏడాదిన్నర ఆ ఒక్క పలక మీదే కూర్చుంది. నేను పైనుంచి మొదలుపెట్టమని ఉంటే, ఆ మొహం మొదటి రెండేళ్ళలోనే అయిపోయేది. ఎదురుగా పిల్లని కూర్చోబెట్టుకునే వేసేది. ఆ సంగతి ఆవిడ నాతో ఎప్పుడూ అనలేదు.

అయిపోయింది చివరికి. నలభైనీ కలిపి చూడాలంటే అంత గోడ ఆ ఇంట్లో లేదు, వీధిలోనే లేదు. డిపో మేనేజరు రిటైరవుతున్నాడు, షెడ్డు గోడ బోసిగా ఉంది, అక్కడ పెట్టిద్దామన్నాడు. ఆయనకి బొమ్మలంటే ఇష్టమని కాదు, తన వెనకాల ఏదో ఒకటి ఉండాలని. నేనే గోడకి చెక్క బద్దలు కొట్టి, నిచ్చెన వేసి, ఒక్కో పలకా స్క్రూలతో బిగించాను. ఆవిడ కూడా అంతా కలిపి చూడటం అదే మొదటిసారి. ఊరంతా వచ్చింది. వచ్చి, నవ్వారు. నవ్వరా మరి, పెద్దవాడికి కింద ఏడేళ్ళ పాదాలు, పైన మీసాలు. ఆఖరి పిల్లకి పాలబుగ్గల్లాంటి కాలివేళ్ళు, పైన పక్కపాపిట తీసిన పెద్దమనిషి తల. కండక్టరుకి చేతుల దగ్గర నల్ల వెంట్రుకలు, నెత్తి మీద తెల్లవి. ఒక్క ఆ పిల్లే కాళ్ళకీ తలకీ ఇంచుమించు కుదిరింది. పెరగలేదు కదా. అది అర్థమయ్యాక నవ్వడం ఆపేశారు. ఇంక ఆ మొహం అంటావా, నిచ్చెన మీద అంత దగ్గర నుంచి చూశాను నేను. అదే. దర్జీని సూదుల మాట అడిగేముందు ఎలా చూసిందో అలా చూస్తోంది.

కండక్టరు వెనకాల నిలబడ్డాడు, డ్యూటీ బట్టల్లో. జనం తప్పుకున్నారు. ముందుకొచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "విజిల్ వేసింది నేనే" అన్నాడు. ఏడ్చి కాదు, స్టాపు పేరు చెప్పినట్టు చెప్పాడు. మేనేజరు చేతిలో దండ చేతిలోనే ఉంది. ఇప్పుడీవిడ పడిపోతుందో, వాణ్ణి కొడుతుందో అని చూస్తున్నాం. ఆవిడ బొమ్మ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "తెలుసు. ముక్కు కుదిరిందో లేదో చూడండి" అంది. ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో. దర్జీ తను కాదని ఒట్టేశాడు, కాబట్టి వాడే.

చాలాసేపు చూశాడు. "కొంచెం తేడా ఉంది" అన్నాడు. ఎక్కడండీ అంది. "చెప్పలేను. కొంచెం" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, "అన్నయ్యగారూ, ఆ ఒక్కటీ విప్పండి" అంది. అమ్మా, అచ్చం ఆ పిల్లే, విప్పొద్దన్నాను. "ఆయన తేడా ఉందంటున్నారు కదా" అంది. విప్పి ఇచ్చాను. చీరకొంగులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళింది.

ఆ వారమే కండక్టరు బతిమాలుకుని పొద్దుటి డ్యూటీకి మారాడు. రెండింటికి ఆ బల్ల దగ్గర ఎదురుగా తనూ కూర్చోవడం మొదలుపెట్టాడు. వాళ్ళింటికీ నా కొట్టుకీ మధ్య ఒకటే గోడ, నాకు వినపడేది. "ఇంకొంచెం కిందికి." "ఇలాగా?" "ఆ. కాదు. నిన్నటిదే నయం." అత్తగారు పోయింది. పిల్లలు ఒక్కొక్కళ్ళే ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, బల్ల రోజంతా ఖాళీ, అయినా రెండింటికే. పదమూడేళ్ళు. ఒకసారి ఇద్దరి నవ్వు కూడా వినిపించిందన్నాడు దర్జీ, సగం నమ్ము. షెడ్డులో బొమ్మ అలాగే ఉంది, ముప్ఫైతొమ్మిది పలకలు, ఒక కన్నం. కన్నంలో పావురం గూడు పెట్టింది.

ఆవిడ ముందు పోయింది, గుండె. నెల తిరక్కుండా కండక్టరు ఆ పలక తువ్వాలులో చుట్టి తెచ్చాడు నా దగ్గరికి. "కుదిరింది. బిగించెయ్యి" అన్నాడు. ఇద్దరం డిపోకి వెళ్ళాం. నిచ్చెన ఎక్కి, గూడు పక్కకి తీసి, తువ్వాలు విప్పాను. మొహం లేదు. కన్నూ లేదు, ముక్కూ లేదు. వేలెడు మందాన రంగు పేరుకుని ఉంది, మట్టిరంగు, అలికినట్టు. కింద నుంచి తలెత్తి చూస్తున్నాడు. పాత స్క్రూలు ఆగలేదు ఆ బరువుకి. పొడుగువి వేశాను.