వన్నూరప్పను అడగొచ్చిన కత

వన్నూరప్ప అని మా గుట్టకిందపల్లిలో ఒకడుండె. గొర్రెలు మేపుకునేటోడు. వాడు పసిపిల్లోడుగా ఉన్నప్పుడే అమ్మా నాయనా పోతే, తిప్పన్నా, ఆయప్ప పెండ్లాం నర్సక్కా సాకినారంట. అంట ఏంది, నా కండ్ల ముందర జరిగిందే. వాళ్లకు పిల్లల్లేరు, వీనికి పెద్దోళ్లు లేరు, సరిపోయింది అనుకో. ఇంగ ఫుట్‌బాలు మా ఊరికి ఎట్లొచ్చిందంటే, ఇస్కూలుకు డ్రిల్లు అయివారు ఒకాయన వచ్చినాడు. రెండేండ్లుండి బదిలీ అయిపోతా పోతా బంతి ఇడిసిపెట్టి పోయినాడు. ఆ బంతి ఎప్పుడో చినిగిపోయింది గానీ పిచ్చి మాత్రం పోలా. మా ఊర్లో వాన పడలేదని ఏడిసినోళ్లకన్నా గోలు పడలేదని ఏడిసినోళ్లే ఎక్కువ. ఆ ఆటలో వన్నూరప్పే మొనగాడు. వాని కాలికి బంతి తగిలితే, మేపేవాని ఎనకాల గొర్రెపిల్ల పోయినట్ల పోతాండె. నేను గోలుకాడ నిలబడేటోణ్ణి. గోలీ నెట్టికల్లంటే ఆ పొద్దుల్లో సుట్టుపక్కల పది పల్లెలకు తెలుసు. నవ్వొద్దండి, ఈ పొట్ట అప్పుడు లేదు. చేతులాపొద్దు, శెనక్కాయలు వొలుచుకుంటా వినండి, విత్తనం రేపే కావాల.

జీతాల మాట చెప్పాల. మా ఊర్లో ఆటగాళ్లకు దుడ్డిచ్చేది లేదు. ముయ్యి. ఈపొద్దు నువ్వు నా చేన్లో కలుపు తీస్తే, రేపు నేను నీ చేన్లో తీసేదాన్ని ముయ్యంటారు గదా, అట్ల. ఆటగాడు ఆడినందుకు వాని పని ఊరు చెయ్యాల. వన్నూరప్ప ఆడే దినం వాని గొర్రెల్ని ఇంగొకరు గుట్టకు తోలుకపోవాల, అది గాక ఇంగో రెండు దినాలు కూడా తోలాల. అంటే ఒక ఆటకు మూడు దినాల జీతం. నాకెంతనుకుంటాండారు? ఒక పూట కలుపు. ఒక్క పూట! గోలు ఏసినోనికి మూడు దినాలా, ఆపినోనికి ఒక పూటా, ఇదేం న్యాయమప్పా అని నేను అడిగితే, మల్లక్క టీ అంగడి కాడ అందరూ నా మీద పడుతాండ్రి. పొద్దున లేస్తే అక్కడ ఇదే రచ్చ. తిప్పన్నేమో అందరూ ముందరికే ఉరకాల, ఎనక నిలబడేటోడు ఆటగాని లెక్క కాదు, కావిలోని లెక్క అంటాడు. సైకిలు షాపు ఖాసీంసా ఏమో, అట్ల కాదు తిప్పన్నా, ఎనక ముగ్గురన్నా ఉండాల, నువ్వు తలుపు తీసిపెట్టి దొంగను తిడితే ఎట్ల అంటాడు. ఇద్దరూ గాజుగ్లాసులు ముందర పెట్టుకోని, ఇది నువ్వు, ఇది నేను అని జరుపుకుంటా జరుపుకుంటా ఉంటే మల్లక్క వచ్చి, గ్లాసులు కడగాల ఇయ్యండ్రా అని లాక్కోని పోతాండె. ఆట అంతటితో అయిపాయె.

ఇట్లుండగా ఏమైందంటే, ఒకరోజు ఖాసీంసా నాగులకుంట నుంచి వచ్చి, చెవిలో నోరు పెట్టి చెప్పినట్ల మెల్లగా చెప్పినాడు. నాగులకుంట అంటే మాకు పాము, ముంగిస అనుకోండి. పరసలో, అదే జాతరలో, ప్రతి ఏడూ మాకూ వాళ్లకే ఆఖరాట. వాళ్ల ఆటగాళ్లను సాకేది మాలింగప్ప. నల్లరేగడి ఉంది, గొర్రెలమంద ఉంది, మడిసి గట్టోడు. ఆ మాలింగప్ప మన వన్నూరప్పతో గుట్టమీద మాట్లాడతాంటే సూసినారంట, ఒకసారి కాదు రెండుసార్లు అన్నాడు ఖాసీంసా. అంతే. మల్లక్క అంగట్లో టీ చల్లారిపాయె. వన్నూరప్పను వాళ్లు లాక్కుంటాండారు అని ఒకడు. రెండు గొర్రెలిస్తారంట అని ఇంగొకడు. సందకాడికి రెండు పదైనాయి, మర్నాటికి పది గొర్రెలకు ఒక ఎద్దు తోడాయె. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్ల, వాడు పోతే వాని తావున ఎవడు ఆడాల అని కూడా కొట్లాడుకున్నారు. ఒక్కరన్నా పోయి వన్నూరప్పను అడిగినారా? అడగలా. అడిగితే నిజం తెలిసిపోతాది, ఇంగ మాట్లాడేకేముంటాది?

నాలుగో దినం మాలింగప్పే వచ్చినాడు. ఎంట ఇద్దరు పెద్దమనుసులు, సంచిలో టెంకాయలు, ఆకూవక్కా. తిప్పన్న ఇల్లేదని మల్లక్క అంగడి కాడే అడిగినాడు. తిప్పన్న ఆడనే ఉండె. మేమంతా లేసి నిలబడినాం. మాలింగప్ప గొంతు సవరించుకోని, మీ వన్నూరప్ప గురించి అడగాలని వచ్చినాం తిప్పన్నా, వానికి పెద్ద దిక్కు నువ్వే గదా అన్నాడు. తిప్పన్న కండ్లు ఎర్రగైనాయి. మాకు తెలుసు మీరెందుకొచ్చినారో, వానికేమిస్తారో అది చెప్పు ముందు అన్నాడు. మాలింగప్ప కొంచేపు బిత్తరపోయి, ఇచ్చేదేముంది తిప్పన్నా, నాకుండేదంతా వానికే గదా అన్నాడు.  ఉండేదంతానా! అంత జీతం మా ఊరు అమ్ముడుపోయినా రాదు గదా.

అప్పుడు మేమేం చేసినామో చెప్పేకి ఇప్పటికీ నాకు సిగ్గు. ఎక్కువిచ్చి నిలుపుకునేకి లేనప్పుడు, సరుకు మంచిది కాదంటే కొనేటోడే పోతాడు గదా, సంతలో చేసేదదే గదా. తిప్పన్న మొదులుపెట్టినాడు: వాని మోకాలు చూసినావా మాలింగప్పా, వానొస్తే కుండ మాదిరి వాస్తాది. ఖాసీంసా అందుకున్యాడు: నాలుగడుగులు ఉరికితే దగ్గు, సామీ, ఆ దగ్గు చూసి మా గుండెలే ఆగిపోతాయి. ఇంగొకడు, కండ్లు కూడా సందకాడ కానరావంట అన్నాడు. నేనూ ఊరికే ఉంటినా? ఎన్ని సంగటి ముద్దలు తిన్నా నీరసమే వానికి, ఎందుకనో ఏమో అన్నాను. మాలింగప్ప మొగం తెల్లగైపాయె. పెద్దమనుసులు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. మంచిది తిప్పన్నా, ముందే చెప్పి మేలు చేసినావు అని, టెంకాయలు సంచిలోకి తోసుకోని ఎనక్కి తిరిగి పోయినాడు. మేం ఈల్లేసినాం. మల్లక్కకు చెప్పి అందరికీ ఇంగోసారి టీ పోపిచ్చినాడు తిప్పన్న.

సందకాడ వన్నూరప్ప గొర్రెల్ని తోలుకోని వచ్చినాడు. దావలోనే ఎవరో చెప్పినారంట. ఇంటికొచ్చి దొడ్డి తలుపేసి, కాళ్లు కూడా కడుక్కోకుండా గడప కాడ కూసున్యాడు. నర్సక్క సంగటి తట్ట పెట్టింది. ముట్టలా. ఏమైంది నాయనా అని ఆయమ్మ తలమీద చెయ్యేసేతలికి ఏడిసినాడంట, గొర్రెలు కాసేటోడు, అంత మొగోడు. పెద్దమ్మా, వాళ్లొచ్చింది ఆటకు కాదు, నన్ను సుంకమ్మకు అడిగేకి అన్నాడంట. సుంకమ్మ అంటే మాలింగప్ప కూతురు, ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల కూడా మందను గుట్టకు తోలుకొస్తాండె, ఇద్దరికీ అట్ల మాట కలిసింది. మాలింగప్ప గుట్టకొచ్చి రెండుసార్లు వీణ్ణి ఇచారిచ్చి, ఇల్లరికం వస్తావా అని అడిగి, సరేనంటేనే పెద్దల కాడికొచ్చినాడు. ముందే చెప్పకపోతివా అని నర్సక్క అంటే, పెద్దనాయనకు ఎట్ల చెప్పేది, సిగ్గాయె అన్నాడంట. తిప్పన్న వాకిట్లో నిలబడి అంతా విన్యాడు. ఇంగ నర్సక్క చూడండి! నీ ఆటకు అగ్గి పెట్ట, ఆకూవక్కతో వచ్చినోళ్లు బంతి తన్నేకి వచ్చినారనుకుంటివా, టెంకాయలు కండ్ల పడలేదా, దిక్కులేని పిల్లోనికి ఒక ఇల్లు దొరుకుతాంటే దానికి నీ నోటితో నిప్పు పెడితివే అని. తిప్పన్న ఒక్క మాట అనలేదంట. ఆ మడిసి మాట్లాడకుండా నిలబడింది నర్సక్క కాపరానికొచ్చినంక అదే మొదులంట.

తెల్లారి తిప్పన్న బయల్దేరినాడు, నన్నూ ఖాసీంసానూ ఎంటబెట్టుకోని. అబద్దం చెప్పిన నోర్లే పోయి నిజం చెప్పాల గదా. మాలింగప్ప వాకిట్లో మంచమేసుకోని కూసోనుండాడు, కూసోమని గూడా అనలా. తిప్పన్న నిలబడే చెప్పినాడు: మాలింగప్పా, నిన్న మేం చెప్పిందంతా అబద్దం. నా బిడ్డను నువ్వు ఆటకు లాక్కుంటాండావనుకోని అన్న మాటలవి. మోకాలు మంచిదే, దగ్గు లేదు, కండ్లు గద్ద కండ్లు. మాలింగప్ప నవ్వలేదు. నిన్న దగ్గినోడు ఈపొద్దు ఎట్ల మంచోడైనాడు? ఏ మాట నమ్మాల నేను? నాకుండేది ఒక్క బిడ్డ అన్నాడు. ఆయప్ప మాటలోనూ న్యాయముంది.  అప్పుడు లోపల్నుంచి సుంకమ్మ వచ్చింది. చేట చేతిలోనే ఉంది. నాయనా, మోకాలు చెడినోడు పోయిన పరసలో మన మీద మూడు గోల్లు ఎట్లేసినాడు? దగ్గేటోడైతే ఆటంతా ఎట్ల ఉరికినాడు? నువ్వే గదా ఇంటికొచ్చి, ఆ పిల్లోని మాదిరి మనకొకడుంటే అని అన్నం మాని పండుకుంటివి అనింది. మాలింగప్ప మీసం తిప్పుకున్యాడు, తల గోక్కున్యాడు. ఆటగాని గురించి అబద్దమాడొచ్చు గానీ, కండ్లారా చూసిన ఆట గురించి ఎవడాడతాడు?

కడాకు ఒప్పుకున్యాడు. ఒప్పుకోని ఒక మాటన్నాడు: తిప్పన్నా, ఇల్లరికం అల్లుడంటే ఊర్లో ఎంత చులకనో నీకు తెలుసు. వాడు ఈడుండి ఈడే ఆడాల. మీ ఊరి మీద ఆడేటప్పుడు వాని కాలు రవ్వంత తడబడినా, పుట్టినూరికి అమ్ముడుపోయినాడంటారు మావోళ్లు. ఆపొద్దుతో వానికీ నా బిడ్డకూ ఈ ఊర్లో తలెత్తుకునేది ఉండదు. అట్ల ఆడతాడా? తిప్పన్న, ఆడతాడు, నేను సాకిన బిడ్డ అన్నాడు. వచ్చేటప్పుడు దావ పొడుగూతా ఒక్కటే మాట: చూస్తివా నెట్టికల్లా, ఎవరూ లాక్కోకుండానే నేనే ఇచ్చి వస్తాండా.

పెండ్లైపోయింది. పోయే దినం నర్సక్క ఏం చేసిందంటే, అత్తగారింటికి పోయేది వీడే గదా, మరి వీనికి ఒడిబియ్యం వద్దా అనింది. ఆడబిడ్డకు పోసేది మగపిల్లోనికి పోస్తారా అని ముసిలోళ్లు నవ్వినారు. పోస్తారో లేదో నాకు తెలీదు, నా బిడ్డ ఒట్టి చేతుల్తో గడప దాటకూడదు అనింది ఆయమ్మ. వాడు ఎప్పుడూ ఆడేటప్పుడు తొడుక్కునే బనీను కొంగు మాదిరి పట్టుకోని పీట మీద కూసున్యాడు. నర్సక్క పోసింది, మల్లక్క పోసింది. తరువాత మేం. మీసాలున్న మగోళ్లం, దోసిలితో బియ్యం ఎట్ల పొయ్యాలో తెలీక సగం కింద పోసినాం. ఎండుకొబ్బరి, బెల్లం, పసుపుకొమ్ము. ఖాసీంసా కూడా తన దోసిలి పోసి మొగం అవతలికి తిప్పుకున్యాడు. తిప్పన్న ఆఖర్న వచ్చినాడు. పోస్తా పోస్తా, ఆడ బాగా ఆడు, నన్ను తలవంపులు చెయ్యొద్దు అన్నాడు. అప్పుడు అందరం ఏడిసినాం, దాచేదేముంది.

మళ్లా పరస వచ్చింది. మళ్లా మేమూ నాగులకుంటే. గెలిచినోళ్లకు పొట్టేలు. వన్నూరప్ప అటుపక్క. మా వాళ్లకు వాడు బంతి తీసుకున్నప్పుడల్లా అలవాటున అరుపు గొంతుదాకా వచ్చి ఆగిపోతాండె. ఒకటి వాళ్లేసినారు, ఒకటి మేమేసినాం. పొద్దు వాలినంక మావోడొకడు గోలు ముందర వాళ్లోణ్ణి కాలడ్డం పెట్టి పడేసినాడు. పెనాల్టీ. ఇంగెవరు తంతారు? వన్నూరప్పే. మాలింగప్ప గీత కాడ చేతులు పిసుక్కుంటాండాడు. నాగులకుంటోళ్లు ఒకరన్నారు, నాకు ఇనపడింది: చూడండి, ఈడ బయటపడతాది వాడు ఎవరోడో. సుంకమ్మ ఆడోళ్లలో నిలబడి కొంగు నోట్లో పెట్టుకునింది. ఇంగో మూడు నెలల్లో పురుడు ఆ పిల్లకు. వన్నూరప్ప మొగం చూడలేకపోయినా.

తిప్పన్న నా గోలుకట్టె ఎనకాలే నిలబడి ఉండాడు. నేను తిరిగి, తిప్పన్నా, వాని ఆట నీకు తెలిసినట్ల ఎవరికీ తెలీదు, యా పక్క తంతాడు చెప్పు అన్నాను. ఊరంతా ఆయప్ప నోరే చూస్తాంది. తిప్పన్న బంతి కాడ నిలబడిన వన్నూరప్పను చూసినాడు. తరువాత, నీ కుడిపక్క అన్నాడు. వాడు ఉరికొచ్చినాడు. నేను కుడిపక్కకు పడినాను. బంతి ఎడమపక్క పోయింది.

నాగులకుంటోళ్లు వాణ్ణి బుజాల మీద ఎత్తుకోని ఊరేగించినారు. మా అల్లుడు, మా అల్లుడు అని. మాలింగప్ప పొట్టేలు తాడు వాని చేతిలోనే పెట్టినాడు. మా ఊరోళ్లు తిప్పన్నను తిట్టని తిట్టు లేదు. కావాలనే తప్పు చెప్పినావు ముసిలోడా, ఊరిని అమ్మినావు అని. ఆయప్ప ఒకటే అన్నాడు: బిడ్డను ఇచ్చినంక ఆ ఇల్లు నిలబడాలని కోరుకుంటాం గానీ కూలాలని కోరుకుంటామారా?  అది తప్పు చెప్పినాడా, తెలీక చెప్పినాడా అని మల్లక్క అంగట్లో చాన్నాళ్లు గ్లాసులు జరుపుకున్నారు. తిప్పన్న బతికున్నన్నాళ్లు ఆ నింద మోసినాడు. వన్నూరప్ప కొడుకు ఎత్తుకోమంటే ఎత్తుకోని, ఆ నింద ఒక బరువే కానట్ల నవ్వుతాండె.

ఇప్పుడు ఆయప్ప లేడు, చెప్పినా తప్పులేదు. వన్నూరప్ప తన్నిన బంతుల్ని ఎనిమిదేండ్లు దినామూ పట్టినోణ్ణి నేను. గట్టి సమయం వస్తే వాడు నా ఎడమపక్కకే తంతాడని నాకు తెలీదా? తిప్పన్నను అడిగింది తెలీక కాదు. ఆపొద్దు కుడిపక్కకు పడమని పెద్దమడిసి ఎవరన్నా ఒకరు నాకు చెప్తే బాగుండు అనిపించింది. ఆయప్ప చెప్పినాడు, నేను పడినాను.