పెంటకుప్పలో పైపు

పొలానికి ఎరువు తోలే ట్రాక్టర్ వచ్చి వాకిట్లో ఆగింది. పెరట్లో పొగలు కక్కుతున్న పెంటకుప్ప ముందు, నెల కిందట కాపురానికొచ్చిన కోడలు చేతులు నలుపుకుంటోంది.

“ఏందమ్మాయ్, కుప్పలో ఈ పైపేంది?”

“నీళ్లు కాగడానికత్తయ్యా. పేడ మాగేటప్పుడు లోపల చానా వేడి పుడుద్ది.”

“అంటే మూడు రోజుల్నించి నేను పోసుకుంటంది పెంటనీళ్లా!”

“అయ్యో, నీళ్లు పైపులోనే ఉంటాయి, పేడ అంటదు. మోకాళ్లకి హాయిగా ఉందన్నారుగా?”

అత్త వంగి పైపును తాకి చూసింది.

“కుప్ప తవ్వమని డ్రైవర్‌కి చెప్పనా, అత్తయ్యా?”

“ఎరువింకా మాగలేదని చెప్పు. ఈ చలి పోయినాక రమ్మను.”