చీఫ్‌గారి కుడిచెయ్యి

టీకొట్టు బల్ల మీద టైలరు కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. మెళ్లో టేపు, చేతిలో పేపరు. పక్కన పోస్ట్‌మ్యాన్. టైలరు ఎప్పుడు లేచి తన షాపు తలుపు తీస్తాడా అని ఒకావిడ చేతిసంచీతో కాస్త ఎడంగా నిలబడి ఉంది.

“చూశారా, మన పాత పోలీసు చీఫుకి మంత్రి పదవట! నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు గానీ, నేను చేసిందల్లా ఒక్క చొక్కా కుట్టడం. అంతే. రిటైరయ్యి, నగర కౌన్సిల్‌కి నిలబడతానంటూ నా దగ్గరికొచ్చాడు. పాపం, పెద్ద చిక్కే. ముప్పయ్యేళ్ల అలవాటు కదా, మనిషి కనబడితే చాలు చెయ్యి తిన్నగా కాలరు మీదికే పోయేది. ఓట్లడగడానికెళ్లిన మొదటి వీధిలోనే నలుగురు చెయ్యని దొంగతనాలు ఒప్పేసుకున్నారు!”

“నిజంగానా?” అన్నాడు పోస్ట్‌మ్యాన్.

“నీ మీదొట్టు! అప్పుడు నేనేం చేశానో తెలుసా? కుడి చంక దగ్గర రెండు వేళ్ల గుడ్డ తగ్గించి కుట్టా. ఇహ చెయ్యి నడుం దాటి పైకి లేవదే! ఎవరెదురైనా వాళ్ల చేతికే తగిలేది. ‘అబ్బ, చీఫ్‌గారు ఎంత మారిపోయారు, మనతో చెయ్యి కలుపుతున్నారు’ అని జనం పొంగిపోయి గెలిపించేశారు. అక్కడితో అయిందా? మేయరు పదవికి పోటీ! ఎదుటివాడు మాటల పుట్ట. ఈయన మైకు పట్టుకుంటే ‘సదరు వ్యక్తి, సదరు స్థలం’ తప్ప ఇంకో ముక్క రాదు. కాలరులో చిన్న సూది పెట్టా. ‘సదరు’ అనబోతాడు, చురుక్కుమంటుంది, ‘సోదరులారా’ అని అరుస్తాడు. జనం కళ్లు తుడుచుకున్నారయ్యా!”

“మరి ఎదుటివాడు ఊరుకున్నాడా?” పాలు పొంగకుండా చూసుకుంటూ కొట్టతను అడిగాడు.

“వాడి కోటూ నా దగ్గరికే వచ్చింది! బిగించి కుట్టేశా. పోలింగు రోజున చెయ్యి చాస్తే ఓట్ల పెట్టె అందలేదు. ఒక్క ఓటుతో ఓడాడు.”

“ఆ ఒక్కటీ వాడిదేనా?”

“మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనవాడు రాష్ట్ర శాసనసభకి వెళ్లాడు. అక్కడ వీళ్ల పార్టీ, వాళ్ల పార్టీ అని లేదు, అందరూ నా టేపు ముందు వరస కట్టారు. ఒక్క పూటలో రెండొందల మందికి కుట్టా, అదీ ఒకే దారపుండతో. చివరికి పక్క రాష్ట్రంతో సరిహద్దు తగువొస్తే కొలవడానికి నేనే దిక్కు. నేల మనవైపు మూడు మూరలు ఎక్కువొచ్చింది. మడత పెట్టి కుట్టేశా. అక్కడ ఏరు వంపు తిరిగి ఉంటుందే, అది నా కుట్టే!”

కొట్టతను వడపోతగుడ్డ వదిలేసి నవ్వాడు. పోస్ట్‌మ్యాన్‌కి టీ పొలమారింది.

సంచీ పట్టుకున్నావిడ ముందుకొచ్చింది.

“అన్నయ్యా, నేను చీఫ్‌గారి రెండో అమ్మాయిని. నాన్న మీకు చొక్కా ఇచ్చిన మాట నిజమే, కౌన్సిల్‌కి నామినేషన్ వేసే రోజు తొడుక్కోవాలని. ఆయన కౌన్సిలరయ్యారు, మేయరయ్యారు, శాసనసభకెళ్లారు. రేపు మంత్రిగా ప్రమాణ స్వీకారం. ఇప్పటికైనా చొక్కా అయిందా?”

టైలరు పేపరు మడిచాడు. ఒకసారి పోస్ట్‌మ్యాన్ వంకా, ఒకసారి తన షాపు తాళం వంకా చూశాడు.

“కాజాలు కుట్టేశానమ్మా,” అన్నాడు మెల్లగా. “గుండీలే తరువాయి.”